బీడీ మానని మనిషిదా తప్పు, మాననివ్వని పరిస్థితులదా?

దేవరకొండ_సారు

మే 31న పొగాకు వ్యతిరేక దినం సందర్భంగా మా మండలంలో జరిగిన సభకు నేను కూడా వెళ్లాను. మాట్లాడిన వారందరూ క్యాన్సర్ గురించి, గుండెపోటు గురించి చెప్పి, చివరకు గట్టి సంకల్పం ఉంటే ఎవరైనా మానేయవచ్చని ముగించారు. ఆ మాట అబద్ధం కాదు గానీ, అందులో సగం విషయమే ఉందని నాకు అనిపించింది. మా బడిలో ఆరో తరగతి చదివే పిల్లవాడు సాయంత్రం కిరాణా దుకాణం ముందు కనిపిస్తే, ఎందుకు వచ్చావని అడిగాను. తాత బీడీ కట్ట, అగ్గిపెట్టె తెమ్మన్నాడని, మిగిలిన చిల్లర తననే ఉంచుకోమన్నాడని సంతోషంగా చెప్పాడు. పద్దెనిమిదేళ్లు నిండని వారికి పొగాకు అమ్మకూడదని, విద్యాసంస్థలకు వంద గజాల లోపల అసలు అమ్మకూడదని 2003 నాటి చట్టంలో ఉంది. కానీ ఆ దుకాణదారుడి కంటికి ఆ పిల్లవాడు కొనుక్కునేవాడిగా కనిపించడు, ఫలానా ఆయన మనవడిగానే కనిపిస్తాడు. మీసాలు రాకముందే బీడీ ధర, అది దొరికే చోటు, దాన్ని ఇస్తే పెద్దవాళ్ల ముఖంలో వచ్చే తృప్తి తెలిసిపోయిన ఆ పిల్లవాడికి సంకల్పం గురించి ఏ వయసులో చెప్పాలి?

మీరు పనిచేసే చోట, ఉండే చోట మనుషులను పొగాకుకు దగ్గర చేస్తున్నవి ఏవో, మానాలనుకున్నా మాననివ్వనివి ఏవో రాయవలసిందిగా కోరుతున్నాను. అది ఆరోగ్యానికి హానికరమని ఇక్కడ అందరికీ తెలిసిందే కనుక ఆ సంగతి మళ్లీ రాయనవసరం లేదు.

మిల్లు_పద్దులు (మిర్యాలగూడ)

సార్, నేను రైస్ మిల్లులో లెక్కలు రాస్తాను. లోపల గోనె సంచులు, ఊక, తవుడు ఉంటాయి కనుక అగ్గిపుల్ల గీయడం నిషేధం. గేటు దగ్గరే అగ్గిపెట్టెలు, లైటర్లు తీసి పెట్టిస్తారు. ప్రమాదాల దృష్ట్యా అది సరైన నియమమే. అయితే దాని వల్ల మా దగ్గర పొగాకు వాడకం తగ్గలేదు, బీడీ పోయి ఖైనీ వచ్చింది. హమాలీ ఎడమ అరచేతిలో చిటికెడు పొగాకు వేసుకుని, గోటితో తీసిన సున్నం దాని మీద పెట్టి, కుడి చేతి బొటనవేలితో బాగా నలిపి, రెండు దెబ్బలు చరిచి దుమ్ము ఎగరగొట్టి, కింది పెదవి లోపల సర్దుకుంటాడు. ఆ వెంటనే బస్తా ఎత్తుకోవడానికి రెండు చేతులూ ఖాళీ. బీడీ తాగాలంటే గేటు దాటి పోవాలి, పని ఆగుతుంది. కూలి బస్తాల లెక్కన కనుక ఆగిన ప్రతి నిమిషం అతని జేబులోంచే పోతుంది.

కోతల కాలంలో లారీలు రాత్రంతా వస్తూనే ఉంటాయి. నిద్ర ఆపుకోవడానికి ఒకటి, ఆకలి తెలియకుండా ఉండడానికి ఒకటి అని వాళ్లే చెబుతారు. బీహారు నుంచి వచ్చిన హమాలీల దగ్గర మన కుర్రవాళ్లు ఈ అలవాటు నేర్చుకున్నారని మా దగ్గర కొందరు అంటుంటారు. నేను చూసినంతలో ఇద్దరికీ నేర్పింది మిల్లే. పత్తి జిన్నింగ్ మిల్లులలో కూడా ఇదే పరిస్థితి అని అక్కడ పనిచేసే మా బావ చెబుతాడు.

కోస్గి_వలసబిడ్డ

మా నాయన, కూలీలను పనులకు తీసుకుపోయే గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని ఏళ్ల తరబడి కాలువ పనులకు, మట్టి పనులకు ఇతర రాష్ట్రాలకు వెళ్లినవాడు. పాలమూరు (మహబూబ్‌నగర్) లేబర్ అనే పేరు దేశమంతటా ఎట్లా వచ్చిందో ఇక్కడి వారికి చెప్పనవసరం లేదు. ఆయన చెప్పిన ఒక సంగతి మాత్రం రాస్తాను. పని మధ్యలో ఊరికే కూర్చున్నవాణ్ని మేస్త్రీ సోమరి అని తిట్టేవాడట. బీడీ వెలిగించుకుని కూర్చున్నవాణ్ని మాత్రం ఏమీ అనేవాడు కాదు, ఎందుకంటే మేస్త్రీ కూడా తాగేవాడే. కాబట్టి నడుము వాల్చుకోవాలన్నా, తట్ట కింద పెట్టి నాలుగు నిమిషాలు ఊపిరి పీల్చుకోవాలన్నా చేతిలో బీడీ ఉండాలి. తాగని వాడికి ఆ నాలుగు నిమిషాలు లేవు. మా నాయన తాగడం మొదలుపెట్టింది అక్కడే.

డేరాల దగ్గర సామాను కూడా మేస్త్రీ ఖాతా మీదనే వచ్చేది. బియ్యం, పప్పు, నూనెతో పాటు బీడీ కట్టలు కూడా రాసుకుని, లెక్క చూసేటప్పుడు కోసుకునేవారు. చేతిలో పైసా లేని మనిషికి కూడా బీడీ మాత్రం ఎప్పుడూ తక్కువ కాలేదు. మా నాయన పోయిన తర్వాత పిట్టకు పెట్టిన నాడు విస్తరిలో అన్నం, కూర, కల్లుతో పాటు ఒక బీడీ కూడా పెట్టాము. ఇష్టమైనది పెట్టాలి కదా. ఊపిరితిత్తులు పాడై చనిపోయిన మనిషికి అది పెట్టడం ఏమిటని మా చెల్లెలు ఒక్కతే అడిగింది.

సంకల్పమే_ముఖ్యం (నల్లగొండ)

అందరి బాధలూ అర్థమవుతున్నాయి. అయినా ఒక ప్రశ్న వేయక తప్పడం లేదు. కార్తీకం రాగానే మన ఊళ్లలో రోజుకు రెండు కట్టలు తాగేవాళ్లు, పాన్ డబ్బా దగ్గరే పొద్దు గడిపేవాళ్లు అయ్యప్ప మాల వేసుకుని 41 రోజులు ఒక్క బీడీ ముట్టకుండా ఉంటున్నారు. వాళ్లకు పని లేదా, కష్టం లేదా, మేస్త్రీ లేడా? ఆ హమాలీయే, ఆ మట్టి పనివాడే మాల వేసుకుంటున్నాడు. రంజాన్ నెలలో తెల్లవారుజాము నుంచి సూర్యాస్తమయం దాకా నీళ్లు కూడా ముట్టని సోదరులు ఉన్నారు. కాబట్టి మానడం సాధ్యమే. సాధ్యమైనది చేయకపోతే దాన్ని బలహీనత అనక ఏమనాలి? అన్నింటికీ పరిస్థితులే కారణమని చెప్పుకుంటూ పోతే ఆ మనిషి ఇక తన ప్రయత్నం చేయడు.

జడ్చర్ల_నర్సక్క

సంకల్పం గారూ, మీరు చూపిన దీక్ష ఉదాహరణనే తీసుకుందాం, నాకు అందులో కనిపించేది వేరు. బీడీ పీల్చిన పది ఇరవై సెకన్లలో నికోటిన్ మెదడుకు చేరి, అక్కడి గ్రాహకాలను తాకి, హాయినిచ్చే డోపమైన్‌ను విడుదల చేయిస్తుంది. సుమారు రెండు గంటలలో రక్తంలో దాని మోతాదు సగానికి పడిపోతుంది కనుక, అలవాటు పడిన మనిషికి ఆ లోపే మళ్లీ వెలితి మొదలవుతుంది. పూర్తిగా మానేస్తే చిరాకు, నిద్ర పట్టకపోవడం, దేని మీదా మనసు నిలవకపోవడం రెండు మూడు రోజులలో తీవ్రమై, మూడు నాలుగు వారాలలో చాలావరకు తగ్గిపోతాయి. అంటే మాల తీసే నాటికి అతని శరీరం దాదాపుగా బయటపడింది. మరి ఇరుముడి సమర్పించి ఊరికి వచ్చిన వారం లోపే అదే మనిషి అదే పాన్ డబ్బా ముందు ఎందుకు నిలబడుతున్నాడు? శరీరం అడిగినందుకు అయితే మొదటి వారంలోనే ఓడిపోవాలి, ఏడో వారంలో కాదు.

ఆ 41 రోజులలో అతని చుట్టూ మారినవి చూడండి. తెల్లవారకముందే చన్నీటి స్నానం, దానితోనే మొదటి బీడీ వేళ తప్పిపోతుంది. సాయంత్రం డబ్బా దగ్గరికి వెళ్లే సమయానికి పీఠం దగ్గర భజన, తోటి స్వాములు. ఒంటి మీది నల్ల బట్టలు చూసి ఎవరూ బీడీ ఇవ్వబోరు, తాగేవాళ్లు సైతం పక్కకు జరుగుతారు. నిన్నటిదాకా ఒరే అని పిలిచిన వాళ్లు స్వామీ అని పిలుస్తారు. ఇంట్లో భార్య వంట, పడక, పలకరింపు అన్నీ మార్చుకుంటుంది. మాల తీసిన మర్నాడు ఇవన్నీ ఒక్కసారిగా పోతాయి. ‘అయిపోయింది కదా’ అంటూ మిత్రుడే నవ్వుతూ సిగరెట్ అందిస్తాడు. సంకల్పం నిన్న ఉన్నదే, ఈ రోజు దాని చుట్టూ ఉన్న కంచె లేదు. మా ఆరోగ్య కేంద్రానికి వచ్చే వారిలో దగ్గు ఎక్కువైన వారిని నేను అడిగేది కూడా ఇదే, మాలలో ఉన్నప్పుడు మీకు ఏది సులభమైంది అని. వారు చెప్పే జవాబులలో దేవుడి పేరు ఎంత వస్తుందో, ‘ఎవరూ ఇవ్వలేదు మేడమ్’ అన్న మాట కూడా అంతే వస్తుంది.

సంకల్పమే_ముఖ్యం (నల్లగొండ)

నర్సక్క గారూ, ఆ మాల వేసుకోవాలని నిర్ణయించుకున్నది ఆ మనిషే కదా. కంచె దానంతట అది రాలేదు.

జడ్చర్ల_నర్సక్క

నిజమే, నిర్ణయం అతనిదే. అయితే ఏటా నిర్ణయించుకుని, ఏటా నెగ్గి, మాల తీయగానే ఓడిపోతున్న మనిషికి మరింత గట్టిగా నిర్ణయించుకోమని చెప్పడం వల్ల ఏమి ఉపయోగం? నేను వేరే సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే ఇప్పటిదాకా ఈ చర్చలో మగవాళ్లే ఉన్నారు. వరి నాట్లకు, పత్తి ఏరడానికి వెళ్లే మన ఆడవాళ్లలో తంబాకు నమిలేవారు తక్కువేమీ కాదు. చీర కొంగు ముడిలో పొగాకు ముక్క, చిన్న డబ్బాలో సున్నం ఉంటాయి. పొద్దున ఏమీ తినకుండా పొలానికి వెళ్లి, మధ్యాహ్నం దాకా వంగి పనిచేసేటప్పుడు ఆకలిని అది చంపుతుంది. కొందరు పంటి నొప్పికి మొదలుపెట్టి, నొప్పి పోయాక కూడా మానలేదు. మగవాడి బీడీ అందరికీ తెలిసిందే గానీ, ఆడమనిషి తంబాకు మాత్రం గుట్టు. అందుకే పరీక్షలకు వచ్చిన గర్భిణిని అలవాట్లు ఉన్నాయా అని అత్త ముందు అడిగితే లేవనే చెబుతుంది. ఒంటరిగా కూర్చోబెట్టి, పొలంలో ఆకలైతే ఏం చేస్తావమ్మా అని అడిగితే మెల్లగా చెబుతుంది. నమిలే పొగాకు వల్ల బిడ్డ బరువు తక్కువగా పుట్టే ముప్పు, కడుపులోనే చనిపోయే ముప్పు కూడా ఎక్కువ. ఆమెకు ఈ మాట చెప్పడం నా బాధ్యతే, కానీ ఆమె ఆకలి సంగతి తేల్చకుండా అంత మాత్రం చెప్పి పంపితే గుట్టు ఇంకా పెరుగుతుంది, అంతే.

మర్రిగూడ_వాసి

పళ్ల నొప్పి ప్రస్తావన వచ్చింది కనుక రాస్తున్నాను. మా ప్రాంతంలో ఫ్లోరైడ్ నీళ్లు తాగిన తరం ఇంకా ఉంది. కృష్ణా నీళ్లు వచ్చినా, వంగిన నడుములు, బిగుసుకున్న మోకాళ్లు మళ్లీ మామూలు కాలేదు. నొప్పి మరిచిపోవడానికి తంబాకు తప్ప ఏముంది అని మా పెద్దమ్మ అంటుంది. ఆమెకు మందు బిళ్లల ఖర్చు కంటే అది చవక.

జడ్చర్ల_నర్సక్క

నొప్పి కాసేపు తెలియకుండా పోవడం నికోటిన్ చేసే పనే. మత్తు దిగగానే మళ్లీ వస్తుంది. బీడీ, సిగరెట్ తాగేవారిలో ఎముకల బలం తగ్గుతుంది, విరిగిన ఎముక ఆలస్యంగా అతుకుతుంది. ఫ్లోరైడ్ బాధితులకు నొప్పి చికిత్స సరిగ్గా అందితే వారి పొగాకులో కొంత భాగం దానంతట అదే తగ్గుతుందని నా నమ్మకం.

అర్థశాస్త్రం_పాఠాలు (మహబూబ్‌నగర్)

చవక అన్న మాట దగ్గర ఆగుదాం. 2016-17లో దేశవ్యాప్తంగా జరిగిన వయోజనుల పొగాకు సర్వే ప్రకారం పెద్దలలో 28.6 శాతం మంది ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నారు. నమిలే పొగాకు, ముక్కుపొడి వంటి పొగ రాని రకాలు వాడేవారు 21.4 శాతం, పొగ తాగేవారు 10.7 శాతం. సిగరెట్ తాగేవారు 4 శాతం అయితే, బీడీ తాగేవారు 7.7 శాతం. అంటే మన దేశంలో పొగాకు సమస్య ముఖ్యంగా పేదవాడి బీడీ, పేదవాడి ఖైనీ. అయినా 2017లో జీఎస్టీ వచ్చినప్పుడు సిగరెట్ మీద పన్నుకు తోడు సెస్ కూడా వేశారు, బీడీ మీద సెస్ వేయలేదు. 2025 సెప్టెంబరులో జీఎస్టీ మండలి బీడీ మీద పన్నును 28 నుంచి 18 శాతానికి తగ్గించాలని నిర్ణయించింది. పేదవాడి మీద దయతో చేసినట్టు కనిపించే ఈ పని పేదవాడి ఊపిరితిత్తుల విషయంలో దయ కాదని నా అభిప్రాయం.

ధర పెరిగితే వాడకం ఎక్కువగా తగ్గేది తక్కువ ఆదాయం వారిలోనూ, యువకులలోనూ అని అనేక దేశాల అనుభవం చెబుతోంది. అయితే ఒక్క సరుకు ధరే పెంచితే మనుషులు పక్క సరుకుకు మారతారు, మిల్లులో అగ్గి ఆపితే ఖైనీ వచ్చినట్టే. పెంచితే అన్నింటి మీదా కలిపి పెంచాలి. విడి సిగరెట్ల అమ్మకం సంగతి కూడా ఆలోచించాలి. పెట్టె మీద 85 శాతం భాగంలో హెచ్చరిక బొమ్మ ఉండాలన్న నిబంధన 2016 ఏప్రిల్ నుంచి అమలులో ఉంది గానీ, ఒక్కొక్క సిగరెట్ కొనే డిగ్రీ విద్యార్థి చేతికి ఆ పెట్టె ఎన్నడూ రాదు. మా కళాశాల ముందు డబ్బాకు తాడుతో వేలాడదీసిన లైటర్ మాత్రం అందరి చేతికీ అందుతుంది.

2017-18 లెక్కల ప్రకారం 35 ఏళ్లు దాటిన వారిలో పొగాకు సంబంధిత జబ్బుల వల్ల, మరణాల వల్ల దేశానికి జరిగిన ఆర్థిక నష్టం సుమారు 1.77 లక్షల కోట్ల రూపాయలు, స్థూల దేశీయోత్పత్తిలో ఒక శాతానికి పైగా. పన్ను రాబడి గురించి మాట్లాడేవారు ఈ లెక్కను కూడా పక్కన పెట్టుకుని మాట్లాడాలి.

ఆలంపూర్_రైతు

లెక్చరర్ గారు చెప్పింది విన్నాను. ఆకు పండించేవాడి మాట కూడా వినండి. మా నల్లరేగడిలో మిర్చి వేస్తే ధర ఒక ఏడు ఆకాశంలో, మరో ఏడు నేల మీద. పొగాకుకు నారు ఇస్తాం, ఎరువు ఇస్తాం, ఆకు మేమే కొంటాం అని ముందే వచ్చి మాట్లాడేవాళ్లు ఉంటారు. అప్పులో ఉన్న రైతుకు ఆ మాట చాలు, తీరా ఆకు ఎండిన తర్వాత నాణ్యత లేదని వెనక్కి తగ్గిన సందర్భాలు ఉన్నా సరే. నేను బీడీ తాగను. అయినా మంచుకు తడిసిన ఆకు పొద్దున్నే కోసినప్పుడు తల తిరిగి, వాంతి అయ్యేది. నికోటిన్ చర్మం గుండా లోపలికి పోతుందని తర్వాత తెలిసింది. కూలికి వచ్చిన ఆడవాళ్లకు చేతి తొడుగులు ఎవరూ ఇవ్వరు.

పొగాకు నియంత్రణ మీద ప్రపంచ ఒప్పందాన్ని మన దేశం 2004లో ఆమోదించింది. దానిలో పొగాకు రైతులకు, కార్మికులకు ప్రత్యామ్నాయ జీవనోపాధి చూపాలన్న అంశం ఉంది. మా మండలానికి ఆ అంశం ఇంకా దారి కనుక్కోలేదు. ఉత్తర తెలంగాణలో బీడీలు చుట్టే ఆడవాళ్లకు ప్రభుత్వం పింఛను ఇస్తున్నది, మంచిదే. పన్ను పెంచితే ముందుగా దెబ్బ తగిలేది వాళ్లకు, మాకు. మీ లెక్కలో మమ్మల్ని ఏ గడిలో రాశారో చెప్పండి.

అర్థశాస్త్రం_పాఠాలు (మహబూబ్‌నగర్)

న్యాయమైన ప్రశ్న. పెంచిన పన్నులో కొంత భాగం పంట మార్పిడికి, బీడీ కార్మికుల మరో ఉపాధికి చట్టబద్ధంగా కేటాయించకపోతే, పన్ను పెంచమనే నైతిక అర్హత ప్రభుత్వానికి ఉండదు. ఇప్పుడు బీడీ పన్ను తగ్గించడానికి కార్మికులను సాకుగా చూపుతున్నారు గానీ, తగ్గిన పన్ను వారి కూలిలోకి వస్తుందన్న హామీ ఎక్కడా లేదు.

షాద్‌నగర్_మిత్రుడు

పాత పాలమూరు జిల్లాలోనే ఉన్న మా పలుగురాళ్ల మిల్లుల సంగతి ఎవరూ ఎత్తలేదు. ఆ పొడి పీల్చి సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బుతో చనిపోయిన కూలీలు ఉన్నారు. దుమ్ము కంటే బీడీ పొగ ఏమంత ఎక్కువ అని అక్కడి మనిషి అడిగితే జవాబు చెప్పడం కష్టం. దుమ్ము ఆపని యజమాని గోడ మీద మాత్రం పొగ తాగరాదు అని రాయించాడు.

జడ్చర్ల_నర్సక్క

జవాబు ఉంది. శ్వాసనాళాలలో దుమ్మును బయటికి నెట్టే సన్నని కేశాలు ఉంటాయి. పొగ వాటిని మొద్దుబారుస్తుంది కనుక ఆ మిల్లు దుమ్ము మరింత లోపల నిలిచిపోతుంది. క్షయ సోకే ముప్పు కూడా పెరుగుతుంది. పైగా తునికాకు గాలి ఆడనివ్వదు కనుక బీడీ ఆరిపోకుండా గట్టిగా, పదేపదే పీల్చాలి. అందులో పొగాకు ఉండేది పావు గ్రాము లోపే అయినా, సిగరెట్ కంటే మేలన్నది వట్టి భ్రమ. మీరు చెప్పిన యజమాని విషయంలో మాత్రం మీతో ఏకీభవిస్తున్నాను.

మానాలనుకునే వారి కోసం ఒకటి రెండు సంగతులు. 1800-11-2356 నంబరుకు ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనూ మాట్లాడతారు. 2 మిల్లీగ్రాముల నికోటిన్ గమ్ డాక్టర్ చీటీ లేకుండానే మందుల దుకాణంలో దొరుకుతుంది. చాక్లెట్‌లా నమలకుండా, కొద్దిగా నమిలి, ఘాటు తెలియగానే చిగురు పక్కన పెట్టుకోవాలి. 2022లో దీన్ని జాతీయ అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చారు, అయినా గమ్ ధర బీడీ కట్ట ధర కంటే ఎక్కువగా ఉన్నంతకాలం కూలి మనిషి దాన్ని కొనడు. దాన్ని ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో ఉచితంగా ఇవ్వాలని సర్పంచులు, ఎంపీటీసీలు అడగాలి.

దేవరకొండ_సారు

గుట్కా గురించి ఎవరైనా రాస్తారని ఎదురుచూశాను. తెలంగాణలో 2024 మే 24 నుంచి మరో ఏడాది పాటు నిషేధం విధించినప్పుడు కూడా మా బస్టాండు దగ్గర ప్యాకెట్ అడిగితే దొరికేది, ధర మాత్రమే పెరిగింది. మా పిల్లల తల్లిదండ్రుల సమావేశంలో పిల్లవాణ్ని బీడీకి పంపవద్దని ఒక తీర్మానం పెడదామనుకుంటున్నాను. తాతలు ఏమంటారో చూడాలి.

మిల్లు_పద్దులు (మిర్యాలగూడ)

కోస్గి అన్న రాసిన నాలుగు నిమిషాల సంగతి చదివిన తర్వాత మా యజమానితో మాట్లాడాను. రాత్రి పాళీలో రెండు సార్లు, పొగాకు వాడినా వాడకపోయినా అందరికీ పది నిమిషాల చొప్పున విరామం, మిల్లు ఖర్చుతో టీ, బిస్కెట్లు ఇద్దామని అడిగాను. ఆయన టీకి ఒప్పుకున్నాడు. విరామానికి హమాలీలే ఒప్పుకోలేదు. బస్తా లెక్కన కూలి వచ్చేటప్పుడు ఆ పది నిమిషాలు ఎవరి ఖాతాలో రాస్తావని ముఠా పెద్ద నన్నే అడిగాడు. ఆ సమయానికి ఇన్ని బస్తాలని కట్టి ఇవ్వగలరా అని యజమానిని అడిగితే, యాసంగి ధాన్యం వచ్చినప్పుడు చూద్దామన్నాడు. ఇట్లా విరామానికి కూలి కట్టి ఇచ్చే మిల్లు ఎక్కడైనా మీకు తెలిస్తే, ఏ లెక్కన ఇస్తున్నారో ఇక్కడ రాయండి. ఆయనకు చూపించడానికి నాకు అంకెలు కావాలి.